పోర్టికో సీలింగ్ ఊడిపడ్డది, ఈసారి ఏం వేయించాలె?

నయీంనగర్ ఇల్లు | మే 11, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది హన్మకొండ నయీంనగర్. ఇల్లు 2004ల బాపు కట్టిచ్చిండు. ముందు పోర్టికో 12×18 అడుగులు, మూడు దిక్కుల ఓపెన్. ఆరేండ్ల కింద దానికి పీవోపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) సీలింగ్ చేపిచ్చినం. నడుమ గుండ్రం డిజైన్, సుట్టూ లైట్లు, చూసినోల్లందరు మెచ్చుకున్నరు. రెండేండ్లకు పసుపు మరకలు పడ్డయి, తర్వాత ఉబ్బింది. మొన్న గాలిదుమారం వచ్చిన రాత్రి ఒక మూల మొత్తం ఊడి స్కూటీ మీద పడ్డది. మనిషెవరు లేరు కాబట్టి సరిపోయింది.

ఇంకోటి వెనుక వరండా, 8×20, పైన సిమెంటు రేకులు. మా అమ్మ పొద్దంత ఆడనే మంచమేసుకొని కూసుంటది. కానీ ఎండకాలం పన్నెండు దాటితే ఆ రేకుల కింద కూసునుడు మనిషి తరం కాదు.

శ్రావణంల తమ్ముని పెండ్లి. షాపాయన పీవీసీ (ప్లాస్టిక్ పట్టీలు) వేసుకో, రెండు రోజుల పని, నీళ్లు తగిలినా ఏం కాదు అంటున్నడు. వేయించేద్దమా? అనుభవమున్నోల్లు జర చెప్పున్రి.

పరకాల సీలింగ్ పని | మే 11, రాత్రి 10:25

అన్నా, నేను చేసే పనే ఇది. పీవోపీ గానీ జిప్సం బోర్డు గానీ ఒక తల్లి పిల్లలే. జిప్సం రాయిని కాల్చి అందులో నీళ్లు ఎగరగొడితే పీవోపీ పొడి, మల్ల నీళ్లు కలిపితే గట్టి రాయి. దినాం తడిసి ఆరితే మెల్లమెల్లగ కరుగుతది, సాగుతది. పచ్చ కాయితం అంటిచ్చిన బోర్డు కూడ ఉన్నది, తేమకు ఆగుతదంటరు. అది ఇంట్ల తేమకు ఆగుతది గని వాన జల్లుకు కాదు. మూడు దిక్కుల ఓపెన్ పోర్టికోకు నీకు పీవోపీ వేసినోడు వేయొద్దుండె. నన్నడిగితే నేనైతే ఒప్పుకోకపోదు.

ఒకటి చెప్పు ముందుగాల. మరక అంచులకు పడ్డదా, నడుమ పడ్డదా? జల్లు కొడితే అంచులకు పడాలె.

నయీంనగర్ ఇల్లు | మే 12, పొద్దున 7:05

నడుమ, ఫ్యాను కొక్కెం పక్కకు. ఫోటోలు పెట్టిన. ఊడిన కాడ స్లాబ్ చూస్తే పెచ్చులు లేచినయి, రెండు సలాకలు బయటికి కనవడ్తున్నయి. అందుకే జల్ది మూసేద్దమని చూస్తున్న.

జమ్మికుంట అక్క | మే 12, పొద్దున 11:30

తమ్మీ, పీవీసీ గురించి నా కథ విను. మా పోర్టికోకు నాలుగేండ్ల కింద వేయించినం, చెక్క రంగుది. మొదటి ఏడు అద్దం లెక్క ఉండె. పడమటి ఎండ నేరుగా తగిలే రెండు వరుసలు మూడో ఎండకాలానికి తెల్లబడ్డయి, నడుమ బొజ్జ లెక్క కిందికి వంగినయి.

దాన్ని కూడ భరించినం. కోతులను భరించలేకపోయినం. పిట్టగోడ మీదికెళ్లి కిందికి వేలాడి, ఒకటి చివరి పట్టీని వేలుతోని లేపి చూసింది, లోపల ఏం దాచిన్రో అని. ఏం లేకపోయేసరికి కోపమొచ్చి ఇంకోటి పీకింది. ఒక్కదాంట్ల ఒకటి దూరి ఉండే పట్టీలు కదా, ఒకటి ఊడితే పక్కది వదులైతది. సాయంత్రానికి ఆరు పట్టీలు వాకిట్ల పడ్డయి. పనాయన వచ్చి అదే రంగు ఇప్పుడు దొరకదన్నడు.

హన్మకొండల కోతులు తక్కువనుకునేవు. నయీంనగర్‌ల మా చెల్లె ఉంటది, నాకు తెలుసు.

ఖని రెండో షిఫ్టు | మే 12, రాత్రి 11:50

మాది గోదావరిఖని. మేము జీఐ (జింకు పూసిన ఇనుము) రంగు రేకు పట్టీలతోని సీలింగ్ చేపిచ్చినం. కోతి లేపలేదు, చెదలు పట్టది, ఎండకు వంగది. కానీ రెండు బాధలు. మొదటిది బొగ్గు దుమ్ము. ప్రతి గాడిల పేరుకుంటది, నెలకోసారి తడిబట్టతోని తుడువాలె. ఇది మా ఊరి బాధ, మీకుండకపోవచ్చు. రెండోది మేకులు. రేకు మంచిదే తెచ్చిన్రు, స్క్రూలు మాత్రం నల్లయి, ఇంట్ల జిప్సం బోర్డుకు వాడేటివి బిగిచ్చిన్రు. ఒక్క వానకాలం దాటంగనే ప్రతి స్క్రూ కిందికెళ్లి ఎర్రటి తుప్పు గీత. తెల్ల సీలింగ్ మీద ఎవరో పాన్ ఉమ్మినట్టు.

పాత స్లాబ్ | మే 13, పొద్దున 6:20

నేను సైట్ ఇంజినీరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఫోటోలు చూశాను. బాబూ, మీరు సీలింగ్ సంగతి ఒక నెల పక్కన పెట్టండి.

కాంక్రీటు లోపల సలాక తుప్పు పట్టకుండా ఉండేది కాంక్రీటుకున్న క్షారగుణం వల్ల. గాలిలోని కార్బన్ డయాక్సైడ్, తేమ కలిసి ఏళ్ల తరబడి లోపలికి దిగితే ఆ గుణం పోతుంది. సలాక మీద కాంక్రీటు మందం తక్కువైతే అది ఇంకా తొందరగా జరుగుతుంది. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం వాన తగలని లోపలి కాంక్రీటుకు ఆ మందం కనీసం 20 మిల్లీమీటర్లు, వానకు తడిసే చోట 30 ఉండాలి. మీ ఫోటోలో సలాక పక్కన రూపాయి బిళ్ల అంచంత మందం కూడా లేదు. సెంట్రింగు మీద సలాకలను ఎత్తి పట్టే కవర్ బిళ్లలు కింద పెట్టకుండా నేరుగా పోశారన్నమాట. అప్పట్లో మన దగ్గర చాలా ఇళ్లకు ఇలాగే జరిగింది.

తుప్పు పట్టిన ఇనుము ఊరికే ఉండదు. అసలు ఇనుముకంటే రెండింతల నుంచి ఆరింతల చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికే పెచ్చు ఊడుతుంది. మీరు ఆ స్లాబుకే రంధ్రాలు వేసి కొత్త సీలింగ్ వేలాడదీసి మూసేస్తే, లోపల తుప్పు ఆగదు, మీకు కనిపించడం మాత్రం ఆగుతుంది. ఈసారి పడేది పీవోపీ కాదు.

చేయాల్సింది ఇది. చిన్న సుత్తితో స్లాబు కింది భాగమంతా అంగుళం అంగుళం తట్టించండి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, లేచిన చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్లగా ఉన్నచోటల్లా సుద్దతో గీత గీయించి, ఆ మేరకు సలాక వెనక్కి కూడా వేలు దూరేంత చెక్కించాలి. వైరు బ్రష్షుతో తుప్పంతా రాల్చి, తుప్పు ఆపే పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చాలి. మామూలు సిమెంటు ఇసుక మెత్తితే ఆర్నెల్లలో అదే ముక్క మళ్లీ పడుతుంది. సలాక సన్నబడి అరిగి ఉంటే మేస్త్రి మాట మీద వదిలేయకుండా ఒక ఇంజినీరుకు చూపించండి. మూడు దిక్కులా గోడ లేని పోర్టికో అది, కింద కారు నిలుపుతారు, పిల్లలు ఆడతారు.

ఇక నీళ్లు పైనుంచే వస్తున్నాయి. మేడ మీదికెళ్లి నీళ్లు పోయే బొక్క చూశారా?

నయీంనగర్ ఇల్లు | మే 13, రాత్రి 8:15

సార్, సీలింగ్ అడిగితే మీరు నన్ను మేడెక్కిచ్చిన్రు. కానీ ఎక్కినందుకు మంచిదే అయింది. నీళ్లు పోయే గొట్టంల రావి మొక్క మొలిసింది, జానెడు లేదు గని వేరు స్లాబుల దిగింది. గొట్టం నిండ ఎండిన ఆకులు. నిరుటి వానల నీళ్లు రోజుల తరబడి నిలిచినట్టు చుట్టూ నల్ల చార.

మొక్క తీసేద్దమంటే అమ్మ ఒప్పుకోలే. రావిచెట్టును కొట్టొద్దు అన్నది. చివరికి వేరుతోని మెల్లగ తీసి గుడి కాడ నాటొస్తమని ఒప్పిచ్చిన.

పాత స్లాబ్ | మే 14, పొద్దున 6:10

మీ అమ్మగారు చెప్పినట్టే చేయండి. వేరు ముక్క మిగలకుండా చూడండి, మిగిలితే వచ్చే ఏడు మళ్లీ అక్కడే ఉంటుంది.

తర్వాత గొట్టం మూసి, రెండు అంగుళాల నీళ్లు నిలిపి ఒక పగలూ రాత్రీ ఉంచండి. కింద చెమ్మ ఎక్కడ దిగుతుందో తేలిపోతుంది. ఎక్కువసార్లు అది స్లాబు నడుమ ఉండదు, పిట్టగోడ స్లాబు కలిసే మూలలో, గొట్టం చుట్టూ ఉంటుంది. నీరు స్లాబులోనే పక్కకు పాకి ఫ్యాను కొక్కెం దగ్గర చుక్కగా దిగుతుంది, అందుకే మరక నడుమ పడింది. వాటం నూరడుగులకు ఒక అడుగైనా ఉందో లేదో నీటిమట్టం గొట్టంతో చూడమనండి.

ఇంకొకటి, పోర్టికో అంచున స్లాబు అడుగు భాగంలో ఒక గాడి ఉంటుంది, నీటి చుక్క లోపలికి పాకకుండా అక్కడే తెగి కింద పడటానికి. మీ ఫోటోలో అది లేదు. ఇది కొత్త విద్యేం కాదు. రామప్ప గుడికి వెళ్లినవాళ్లంతా మదనికల (నాట్యగత్తెల శిల్పాల) ఫోటోలు తీసుకుని వస్తారు, వాటి తల మీద బయటికి అంత దూరం చాచిన సజ్జను ఎవరూ చూడరు. 1213 నాటి ఆ గుడిలో సజ్జ వాన నీటిని గోడకు దూరంగా విసిరేస్తుంది. మనం 2004లో కట్టి గాడి మర్చిపోయాం.

పరకాల సీలింగ్ పని | మే 14, రాత్రి 10:40

సార్ చెప్పినంక స్లాబు సంగతి నేను మాట్లాడ. స్లాబు మంచిగైనంక వేసుకునేదాని గురించి చెప్త.

పోర్టికోకు నా ఓటు ఫైబర్ సిమెంటు బోర్డు. విసాకా, ఎవరెస్ట్, రామ్‌కో, ఏదైనా పర్వాలే, మందం మాత్రం 8 మిల్లీమీటర్లు అడుగు. షీటు 8×4, ఒక్కోటి దాదాపు 30 కిలోలు. ఒక్కడు నెత్తిన పట్టుకొని ఇంకొకడు బిగిచ్చే పని కాదు, ముగ్గురుండాలె.

ఈడనే పనోల్లు తప్పు చేస్తరు. జిప్సంకు కట్టిన ఫ్రేమే దీనికీ కడతరు, రెండడుగులకు ఒక సెక్షన్ (ఇనుప పట్టీ). బయట అట్ల నడవది. 16 ఇంచులకు ఒకటి కట్టాలె. బరువొక్కటే కాదు కారణం, 8 అడుగుల షీటుకు 16 ఇంచులైతే సరిగ్గ ఆరు భాగాలు, షీటు అంచు సెక్షన్ మీదనే కూసుంటది, గాలిల ఆడది. గాలి అంటే గుర్తొచ్చింది. గాలిదుమారం పోర్టికోల దూరితే బోర్డును కిందికి గుంజుడే కాదు, కిందికెళ్లి పైకి కూడ తోస్తది. సన్న తీగెతోని వేలాడదీస్తే తీగె బరువును ఆపుతది గని ఎగదోసుడును ఆపదు. స్లాబుకు ఎల్ యాంగిల్ (ఎల్ ఆకారం ఇనుప ముక్క) కొట్టి గట్టిగ పట్టియ్యాలె.

స్క్రూలు ఖని అన్న చెప్పినట్టు నల్లయి వద్దే వద్దు. జింకు పూత మందంగ ఉన్నయి గానీ స్టెయిన్‌లెస్ గానీ. అంచుకు మరీ దగ్గర కొడితే బోర్డు చిట్లుతది, ముందు డ్రిల్లుతోని బొక్క వేసి అరంగుళం లోపలికి కొట్టాలె. రెండు షీట్ల నడుమ 4 మిల్లీమీటర్ల సందు వదలాలె. చానామంది ఆ సందును పుట్టీ పెట్టి మూసి నున్నగ చేయమంటరు. లోపలైతే చేస్త. బయట ఎండకు వానకు ఆ పుట్టీ ఏడాదికి వెంట్రుక లెక్క చీలుతది, ఇంటాయన నన్ను తిడతడు. సందును సందు లెక్కనే సీదా గీతగ వదిలితే అదే డిజైన్.

బిగిచ్చే ముందే షీటు వెనుక దిక్కు, కోసిన అంచులకు కూడ ప్రైమర్ కొట్టియ్యి. ఎక్కినంక అటు దిక్కు చేయి పోదు.

నీ 12×18కి లెక్క: నాలుగు వరుసలకు ఆరు షీట్లు, మిగిలిన రెండడుగుల పట్టీకి ఒకటి నడుమ కోసి వాడాలె. మొత్తం 7. ఒకటి పగిలితే అని 8 తెచ్చుకో.

డల్లాస్ పరకాల | మే 15, పొద్దున 5:55

నాది వేరే మాట. పరకాలలో నాన్న ఇంటి వరండాకు నాలుగేళ్ల క్రితం పీవీసీయే వేయించాను, ఏమీ కాలేదు. మొన్న సంక్రాంతికి వచ్చి స్వయంగా చూశాను. అందరూ కలిసి పీవీసీని ఊరవతలికి తరిమేస్తున్నారు గానీ ధర సగమే, పని రెండు రోజులే.

పరకాల సీలింగ్ పని | మే 15, మధ్యాహ్నం 1:30

అన్నా మనూరాయనవే. మీ వరండా ఏ దిక్కుకున్నది? గ్రిల్లున్నదా?

డల్లాస్ పరకాల | మే 15, రాత్రి 8:20

ఉత్తరం. గ్రిల్లుంది, దోమల జాలీ కూడా ఉంది.

పరకాల సీలింగ్ పని | మే 15, రాత్రి 9:00

ఇగ చెప్పు. ఉత్తరం దిక్కు ఎండ పడది, గ్రిల్లుంటే కోతి రాదు, జల్లు తక్కువ. అట్లాంటి కాడ నేను కూడ పీవీసీనే వేస్త, ఎవరినీ ఖర్చు పెట్టియ్య. ఒక్క జాగ్రత్త: పదడుగుల పట్టీకి వేడి 30 డిగ్రీలు పెరిగితే దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతది. గోడకు గోడ ఆనిచ్చి కొడితే ఎండకాలం పోయే జాగ లేక వంగుతది. జమ్మికుంట అక్క ఇంట్ల బొజ్జ అట్లనే వచ్చి ఉంటది. పనోడు టైట్‌గ కొట్టిండని మురిసిపోయిన్రేమో.

జమ్మికుంట అక్క | మే 15, రాత్రి 9:20

మురిసిపోయినం. ఛాయ్ కూడ పోసినం.

మోడరేటర్ | మే 16, పొద్దున 10:00

ఒక సభ్యుడు పనివాళ్ల ఫోన్ నంబర్లు పెట్టారు, తొలగించాం. నంబర్లు వ్యక్తిగత సందేశంలో పంపుకోండి.

ఖని రెండో షిఫ్టు | మే 16, రాత్రి 11:40

వెనుక వరండా రేకుల గురించి ఎవరు చెప్పలే. మా క్వార్టర్ల కూడ గిదే. మా ఇంట్ల రేకు మీద సున్నం కొట్టినం, కొంచెం తగ్గింది. కింద ఏమన్న వేస్తే ఇంకా తగ్గుతదా?

పాత స్లాబ్ | మే 17, పొద్దున 6:30

తగ్గుతుంది, అయితే రేకుకు ఆనించి వేస్తే అంతగా తగ్గదు. వేడెక్కిన రేకు కింద ఉన్నవాళ్ల మీదికి వేడిని నేరుగా ప్రసరింపజేస్తుంది. నడుమ ఒక అడ్డు, ఆ అడ్డుకూ రేకుకూ మధ్య గాలి ఆడే అర అడుగు జాగా ఉండాలి. ఆ జాగాకు రెండు చివర్లా దారి వదిలితే వేడి గాలి బయటికి పోతుంది. మూసేస్తే అది పొయ్యి. దారుల దగ్గర సన్న జాలీ కొట్టించండి, లేకపోతే గబ్బిలాలు, కందిరీగలు కాపురం పెడతాయి.

పైన తెల్లపూత మంచిదే. మన రాష్ట్రం 2023లో చల్లని పైకప్పుల విధానమని ఒకటి తెచ్చిందే ఇందుకు.

పాత సిమెంటు రేకులైతే ఒక హెచ్చరిక. వాటిల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. సీలింగ్ ఫ్రేముకోసం వాటిని గ్రైండరుతో కోయడం, గోకడం చేయొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత గానీ బయటపడదు. ఫ్రేమును రేకుకు కాకుండా కింది ఇనుప గొట్టాలకే తగిలించండి. కొత్త ఫైబర్ సిమెంటు బోర్డు కోసేటప్పుడు కూడా ముక్కుకు మాస్కు కట్టించండి, అందులో సిలికా ఉంటుంది. బొట్టు పెట్టుకున్నట్టు గడ్డానికి తగిలించుకుంటారు మనవాళ్లు.

వడ్ల పని కరీంనగర్ | మే 17, సాయంత్రం 6:45

వెనుక వరండాకు మా దిక్కు పాతకాలంల వెదురు తడకలు కట్టేటోల్లు. చల్లగనే ఉంటది, మీ అమ్మకు నచ్చుతది. కానీ చెదలు, ఎలుకలు, దుమ్ము. అప్పుడు ఏడాదికోసారి మార్చేటోల్లు, ఇప్పుడు ఎవరు మార్చరు. కర్ర అంటే నాకు ప్రాణం గని, బయట సీలింగ్‌కు టేకు వేయించుకోమని నేను కూడ చెప్ప. ఇప్పటి టేకుల చేవ తక్కువ, తెల్లకర్ర ఎక్కువ.

నయీంనగర్ ఇల్లు | జూన్ 29, రాత్రి 9:10

చానా రోజులకు వచ్చిన. పని అయింది. ఒక్కొక్కటి చెప్త.

సుత్తితోని తట్టిస్తే పోర్టికోల ఏడు చోట్ల డొల్ల శబ్దం వచ్చింది, మాకు కనవడ్డయి రెండే. పాత పీవోపీ మొత్తం పీకేసినం. సలాకలు ఇంజినీరుకు చూపిచ్చినం, ఒక్క చోట మాత్రమే కొత్త సలాక జోడిచ్చి కట్టమన్నడు. మేడ మీద మూలలన్ని గుండ్రంగ నింపి పూత వేసినం. నీళ్లు నిలిపిన రెండో రోజు కూడ కింద చుక్క లేదు. అంచుకు గాడి కొట్టుడు కుదరలే, సన్నని అల్యూమినియం పట్టీ అతికిచ్చిన్రు, నీళ్లు అక్కడనే తెగి పడుతున్నయి.

ఆ పనికే నెల పట్టింది. సీలింగ్ పని నాలుగు రోజులు.

బోర్డు 8 మిల్లీమీటర్లదే వేసినం, సందులు అట్లనే వదిలినం. మా బావ చూసి పని సగంల ఆపిన్రా అన్నడు. ఫ్యాను స్లాబు కొక్కేనికే. లైట్లు ఐపీ 65 (దుమ్ముకు, నీళ్లకు ఆగేటివి) అని రాసి ఉన్నయి తెచ్చినం. ఒక పొరపాటైంది, లైట్లకు కరెంటు అందిచ్చే డ్రైవర్లు పైన పెట్టిన్రు గని చేయి పెట్టే తలుపు వదలలే. మల్ల ఒక చోట కోసి చిన్న మూత పెట్టిచ్చిన.

వెనుక రేకుల కింద అర అడుగు వదిలి 6 మిల్లీమీటర్ల బోర్డు, రెండు చివర్ల జాలీ. ఎండలు తగ్గినంక అయింది కాబట్టి ఫరక్ ఎంతనో వచ్చే ఏప్రిల్‌ల చెప్త. అమ్మయితే పొద్దుగూకేదాక అక్కడనే ఉంటున్నది.

పోయిన వారం రాత్రంత వాన. మా గల్లీకి వాన అంటేనే గుండె దడ, 2023 జూలై వరదల ఏమైందో అందరికి తెలుసు. ములుగు లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్లు పడ్డదని చదివినప్పటిసంది, మబ్బు పడితే నేను మేడ మీది గొట్టం చూసొస్త. ఈసారి కింద సీలింగ్ పొడిగనే ఉన్నది.

పరకాల సీలింగ్ పని | జూన్ 29, రాత్రి 10:05

ఫోటో మంచిగున్నది అన్నా. సందులు సీదా వచ్చినయి, చేసినోడు పనిమంతుడే. పెండ్లికి టెంట్‌హౌసోల్లు పూలదండలకు, లైట్లకు సీలింగ్‌ల మొలలు దిగ్గొడ్తరు, చూసుకో.

నయీంనగర్ ఇల్లు | జూన్ 29, రాత్రి 10:20

అయ్యో, గది మరిచిన. నిన్ననే వచ్చి చూసి పోయిన్రు, ఈడొకటి ఆడొకటి కొడతమన్నరు. నేను సరే అన్న.

పరకాల సీలింగ్ పని | జూన్ 29, రాత్రి 10:24

వద్దను. బోర్డుకు ఒక్క మొల కూడ వద్దు, పెచ్చు లేస్తది. స్తంభాలకు నవ్వారు చుట్టి, ఒక దాన్నుంచి ఇంకోదానికి తాడు గుంజి దానికి కట్టుమను. ఒప్పుకోకపోతే నాకు ఫోన్ చేయి, నేను మాట్లాడుత.

జమ్మికుంట అక్క | జూన్ 30, పొద్దున 8:00

కోతులు వచ్చినయా?

నయీంనగర్ ఇల్లు | జూన్ 30, పొద్దున 8:45

వచ్చినయి అక్కా. ఒకటి పిట్టగోడ మీదికెళ్లి వేలాడి వేలుతోని సందుల గీకి చూసింది. ఏం లేవకపోయేసరికి నా స్కూటీ సీటు చింపి పోయింది.